క్యాప్ మీది రంధ్రం: పళ్లు నూరే నోటిలో ఐదేళ్ల ఇంప్లాంట్

నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవారు ఇంప్లాంట్ (పోయిన పంటి చోట ఎముకలో నాటే కృత్రిమ వేరు, దానిమీద పంటి ఆకారపు క్యాప్ వస్తుంది) పెట్టించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, నేను మొదట క్యాప్ నడినెత్తిన ఉండే ఒక చిన్న రంధ్రం గురించి చెబుతాను. క్యాప్‌ను సిమెంటుతో అతికించవచ్చు, లేదా ఆ రంధ్రం గుండా స్క్రూ వేసి బిగించవచ్చు. రంధ్రాన్ని పంటి రంగు ఫిల్లింగ్‌తో మూసినా లోపలి లోహపు నీడ కాస్త కనబడుతుందని తెలిసి నేను సిమెంటే కావాలన్నాను. మా డాక్టరు గారు ఒప్పుకోలేదు. మీలా పళ్లు నూరేవారికి స్క్రూ ఎప్పుడో ఒకప్పుడు వదులు కావచ్చు, ఆ రోజు క్యాప్‌ను పగలగొట్టకుండా తీయగలగాలి అన్నారు. అయిష్టంగానే తలూపాను. ఆ తరువాత చాలాకాలం అద్దంలో ఆవులించినప్పుడల్లా ఆ బూడిదరంగు చుక్కను చూసి నొచ్చుకున్నాను.

పోయినది దిగువ దవడలో ఎడమవైపు పెద్ద దంతం. నా నూరుడుకే అది నిలువునా చీలింది. శస్త్రచికిత్స, ఎముక పట్టుకోవడానికి నాలుగు నెలల నిరీక్షణ, ఇవన్నీ సాఫీగానే గడిచాయి. మొదటి రెండేళ్లూ దీనికి నొప్పే తెలియదని అడిగిన వారందరికీ గొప్పగా చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు గానీ, అది పూర్తిగా మెచ్చుకోవలసిన గుణం కాదని మూడో ఏట తెలిసింది.

సహజమైన పంటి వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందంలో సన్నని నారపొర ఉంటుంది. బరువు పడినప్పుడు కొంచెం లొంగేదీ, ఇసుక రేణువు పడినా వెంటనే పసిగట్టేదీ ఆ పొరే. ఇంప్లాంట్‌కు అది లేదు, టైటానియం నేరుగా ఎముకతో కలిసిపోతుంది. అందువల్ల రాత్రంతా దానిమీద ఎంత ఒత్తిడి పడినా, తెల్లవారి ఫిర్యాదు చేసేది దవడ కండరమే తప్ప ఇంప్లాంట్ కాదు.

ఆ మూడో ఏట ఒకనాడు నములుతుంటే టిక్కుమని చిన్న చప్పుడైంది. నొప్పి లేదు గనుక పట్టించుకోలేదు. రెండు వారాల తరువాత నాలుకతో నెట్టి చూస్తే క్యాప్ వెంట్రుకవాసి పక్కకు తిరిగింది. ఎముక నుంచి ఇంప్లాంట్ మొత్తం ఊడిపోయిందనే నిశ్చయంతో, ఆ రాత్రి నిద్రలేక (నూరడానికైనా నిద్ర పట్టాలి కదా) మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను. ఎక్స్‌రేలో ఎముక చెక్కు చెదరలేదు, క్యాప్‌ను పట్టి ఉంచే స్క్రూ ఒక్కటే వదులైంది. డాక్టరు గారు ఫిల్లింగ్ తొలిచి, దాని అడుగున స్క్రూ తలను కాపాడుతున్న టెఫ్లాన్ టేపును పట్టకారుతో లాగి, క్యాప్‌ను మూత తీసినట్టు తీశారు. అరిగిన స్క్రూ స్థానంలో కొత్తది వేసి, ఎంత బలం పడుతున్నదో చూపే చిన్న రెంచితో 35 న్యూటన్ సెంటీమీటర్ల వరకు బిగించి, పది నిమిషాలు ఆగి మళ్లీ బిగించారు. మొదటిసారి బిగించిన స్క్రూ కాస్త సర్దుకుని సడలుతుందట. మత్తు సూది కూడా అవసరం రాలేదు. సిమెంటు వేసి ఉంటే స్క్రూ ఎక్కడుందో వెతుకుతూ క్యాప్‌ను కోయవలసి వచ్చేది. ఇంకొన్నాళ్లు నిర్లక్ష్యం చేస్తే స్క్రూ లోపలే విరిగేదని, ఆ ముక్కను బయటికి తీయడం చాలా కష్టమని కూడా చెప్పారు.

తప్పు సగం నాదే. క్యాప్ వచ్చాక, రాత్రి పళ్లకు తొడుక్కునే పాత నైట్ గార్డ్ సరిగ్గా కూర్చోవడం మానేసింది. కొత్తది చేయించుకోవడాన్ని వాయిదా వేస్తూ పోయాను. ఇప్పుడు వాడుతున్న గట్టి ఆక్రిలిక్ గార్డ్ మీద కొన్ని నెలలకే గీతలు పడ్డాయి. గార్డ్ నూరుడును మాన్పించదు, ఆ బరువును పళ్లన్నింటికీ పంచి, పళ్లకు బదులు తాను అరుగుతుంది. అది నోటిలో ఉంటే నిద్ర పట్టడానికి నాకు నెల పట్టింది, ఇప్పటికీ ఇష్టమని చెప్పలేను.

పింగాణీ పూత లేని జిర్కోనియా (చాలా గట్టి సిరామిక్) క్యాప్ కావడంతో పెచ్చు ఊడలేదని ఇదివరకు మెచ్చుకున్నాను. క్యాప్ వరకు అది నిజమే. అయితే దానికి ఎదురుగా ఉన్న పై పంటి మీద ఈ మధ్య సన్నని చీలిక గీత కనిపించింది. అది జిర్కోనియా కాఠిన్యం వల్ల వచ్చిందో, నా అలవాటు వల్లనే వచ్చిందో నిర్ధారించలేను.

నాది ఒక్క పన్ను, అదీ వెనకది. పొగ తాగను, మధుమేహం లేదు, ఆరు నెలలకొకసారి చూపించుకుంటున్నాను. ఈ స్థితిలో మళ్లీ చేయించుకోవలసి వస్తే ఇంప్లాంటే ఎంచుకుంటాను. ముందు పళ్లు పోయినవారికీ, ఒకేసారి అనేక పళ్లు కట్టించుకునేవారికీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుతో పాటు నూరుడు ఉన్నవారికీ నా అనుభవం ఎంతవరకు పనికివస్తుందో చెప్పే ధైర్యం చేయను.

కిందటి పరీక్షలో రంధ్రం మీది ఫిల్లింగ్ రంగు మారిందని, కొత్తది వేయమంటారా అని డాక్టరు గారు అడిగారు. వద్దన్నాను, ఈసారి తొలవవలసి వస్తే చోటు వెంటనే కనబడుతుంది కదా అని.