పట్సియో దగ్గర ఒక పూట: మనాలి–లేహ్ దారిలో కూలిన కొండల వెంట

మా ఇల్లు హబ్సిగూడలో. కింద పోర్షన్‌లో ఉండే అంకుల్ ఎన్‌జీఆర్‌ఐలో (భూభౌతిక పరిశోధన సంస్థ) పనిచేసి రిటైరయ్యారు. సెప్టెంబరు మొదట్లో లేహ్ వెళ్తున్నామని చెప్పగానే ఆయన అన్న మొదటి మాట: "లేహ్ గురించి అందరూ చెప్తారు బాబూ. నువ్వు పట్సియో దగ్గర ఒక పూట ఆగు. అక్కడి రాళ్ళు మన ఖాజాగూడ గుండ్లలా కాదు, ఎందుకు కాదో చూసి రా."

ఆ మాట కోసమే ట్రిప్ ప్లాన్ మార్చాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. మనాలిలో ఒక్క రాత్రే పడుకున్నాం. రద్దీ, హారన్లు, పార్కింగ్ గొడవ. ఇంతకన్నా దాని గురించి చెప్పడానికి లేదు. పొద్దున్నే బయలుదేరి అటల్ టన్నెల్ దాటాం. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, 2020 అక్టోబరులో తెరిచారు. ఇటువైపు దేవదారు చెట్లు, మబ్బులు. అటువైపు బయటపడేసరికి పొడి కొండలు, నీలం ఆకాశం. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

బసకు కేలాంగ్‌లో ఒక రాత్రి, జిస్పాలో రెండు రాత్రులు పెట్టుకున్నాం. కేలాంగ్‌లో ఏటీఎం, మందుల షాపు, ఆసుపత్రి, బస్టాండ్ అన్నీ దగ్గరే. సొంత బండి లేనివాళ్ళకు అదే మేలు, వేసవిలో అక్కడినుంచి లేహ్‌కు ఆర్టీసీ బస్సు కూడా ఉంటుంది. కానీ మనసు పడింది మాత్రం జిస్పా మీదే. భాగా నది ఒడ్డున, ఒక కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. గది చిన్నది, దుప్పట్లు శుభ్రం, బకెట్‌తో వేడినీళ్ళు. రాత్రి రాజ్మా, అన్నం పెట్టారు. మేము తీసుకెళ్ళిన కందిపొడి, నెయ్యి ఇస్తే ఇంటావిడ రుచి చూసి ఇంకొంచెం అడిగింది. ఆ ఇంట్లో మాకు ఏ లోటూ జరగలేదు.

జిస్పా నుంచి దార్చా దగ్గరే. అక్కడ చెక్‌పోస్టులో వివరాలు రాయించుకుని పైకి ఎక్కాం. దార్చా దాటాక మా ఫోన్లలో సిగ్నల్ పోయింది. బండి కేలాంగ్‌లో మాట్లాడుకున్నదే. డ్రైవర్ ఇక్కడి లాహౌల్ లోయ కుర్రాడే, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాడు. పట్సియోలో గంటలకొద్దీ రాళ్ళ మధ్య తిరుగుతుంటే విసుక్కోలేదు.

పట్సియో ఒకప్పుడు లాహౌల్, లదాఖ్, టిబెట్ వ్యాపారులు కలుసుకునే సంత. ఇప్పుడు మైదానం, మంచుకొండలు, ఇళ్ళంత పెద్ద రాళ్ళు. మన మౌలాలి, ఖాజాగూడ గుండ్లు దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. పగుళ్ళలోకి నీరు దిగి, మూలలు అరిగి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి, ఉన్నచోటే గుండ్రంగా తేలాయి. పట్సియో రాళ్ళు అలా కాదు, అంచులు కోసుకునేంత పదును. ఒకచోట పెద్ద బండ పగిలి ఉంది, కానీ ముక్కలు విడిపోలేదు. కొబ్బరిచిప్పలు రెండూ మళ్ళీ దగ్గర పెట్టినట్టు ఒకదానికొకటి అతుకుతున్నాయి.

"బావా, ఇది హిమానీనదం తెచ్చి పడేసిందేమో కదా?" అన్నాడు మా బావమరిది.

ఆ అనుమానం అతనొక్కడిదే కాదు. కారకోరం పర్వతాల్లో చాలా రాళ్ళగుట్టలను ఎన్నో ఏళ్ళు హిమానీనదాలు వదిలినవే అనుకున్నారు. కెనడా భూగోళ శాస్త్రవేత్త కెన్నెత్ హెవిట్ వాటిని మళ్ళీ చూసి, వాటిలో చాలావరకు కొండలు కూలి పడ్డవని తేల్చారు. మంచు మోసుకొచ్చిన గుట్టలో రకరకాల రాళ్ళు కలిసి ఉంటాయి, కొన్ని అరిగి గీతలు పడి ఉంటాయి. కూలిన కొండలో పైనున్న రాయే కిందా ఉంటుంది. పైపొరలో పెద్ద బండలు, లోపల పిండిలా నలిగిన రాయి. దీన్ని రాక్ అవలాంచ్ అంటారు. కొండ పక్క భాగమంతా ఒక్కసారిగా విడిపోయి, రాయిని రాయి నూరుకుంటూ, గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో పారుతుంది. అవతలి గట్టు మీదకి కూడా ఎగబాకుతుంది. నదికి అడ్డంపడితే వెనక చెరువు ఏర్పడుతుంది.

మరి భూకంపంతో సంబంధం ఏమిటి? నేల ఊగినప్పుడు ఆ ఊపు లోయ అడుగున కన్నా శిఖరాల అంచుల్లో ఎక్కువవుతుంది. పగుళ్ళతో ఉన్న కొండకు అది చాలు. 1911 ఫిబ్రవరిలో తజికిస్తాన్‌లోని పామీర్ పర్వతాల్లో భూకంపానికి కూలిన కొండ ముర్గాబ్ నదికి అడ్డంపడి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున గోడ కట్టింది. దాని వెనక సరేజ్ సరస్సు ఇప్పటికీ ఉంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపంలో మంచు, రాళ్ళు కలిసి లాంగ్‌టాంగ్ ఊరిని కప్పేశాయి. ఆ ఊరు గుర్తొచ్చాక పట్సియోలో నవ్వుతూ ఫొటో దిగాలనిపించలేదు.

మర్నాడు బారాలాచా కనుమ దాటి కెలాంగ్ సరాయ్ వరకు వెళ్ళాం (మేము బస చేసిన కేలాంగ్ ఊరు వేరు). అక్కడి గుట్ట ఇంకా పెద్దది. 2007లో వచ్చిన పరిశోధన దాని వయసు దాదాపు 7,500 ఏళ్ళని, బలమైన భూకంపమే కారణమై ఉండొచ్చని చెప్పింది. రాయి బయటపడ్డ రోజు నుంచి రోదసి కిరణాలు దానిలోని క్వార్ట్జ్ అనే ఖనిజంలో బెరీలియం-10 అనే అరుదైన రకం పరమాణువులను పుట్టిస్తాయి. ఆ పోగును కొలిచి వయసు కడతారు. దార్చా, పట్సియో గుట్టలూ ఎనిమిది వేల ఏళ్ళకు దగ్గరగానే తేలాయి. ఇవన్నీ ఒకే రోజు, ఒకే భూకంపానికి కూలాయని చెప్పాలని నాకు ఎంతో ఆశ కలిగింది. కానీ లెక్కలో వందల ఏళ్ళ తేడాకు చోటుంది. పైగా ఆ కాలంలో ఇక్కడ రుతుపవనాలు ఇప్పటికన్నా బలంగా ఉండేవి. వాన నానబెట్టినా, లోయను నింపిన మంచు కరిగి కొండకు ఆసరా పోయినా కూలడానికి అవకాశం ఉంది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో మంచుతో కలిసి కొండ భాగం కూలినప్పుడు ఏ భూకంపమూ లేదు. అందుకే ఒక్క గుట్ట చూసి భూకంపం అనకూడదు. చుట్టుపక్కల చెరువు మట్టి పొరలు కూడా అదే కాలంలో కలగాపులగం అయ్యాయా అని చూడాలి. హిమాచల్‌లోనే దిగువ స్పితి లోయలో సుమ్‌డో దగ్గర భూకంపాలు నలిపిన అలాంటి పొరలు దొరికాయి.

ఆ రాత్రి ముందుకెళ్ళి మేము దిగిన సర్చూ గుడారాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎత్తు 4,200 మీటర్ల పైన. బుక్ చేసినప్పుడు ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందన్నారు. రాత్రి మా ఆవిడకు తలనొప్పి, వాంతులు మొదలై అడిగితే ఖాళీ సిలిండర్ తెచ్చారు. చెప్పలేనంత టెన్షన్. తెల్లవారగానే లేహ్ ఆలోచన మానేసి జిస్పాకు దిగిపోయాం. దిగేకొద్దీ ఆమె తేరుకుంది. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే సర్చూలో పడుకోవద్దు. జిస్పాలో రెండు రాత్రులుండి, పగలు పైకి వెళ్ళి వచ్చేయండి. బుక్ చేసేముందు సిలిండర్ నిండి ఉందో లేదో మీటర్ ఫొటో పంపమని అడగండి. రాళ్ళు చూడ్డానికి అక్కడ రాత్రి ఉండాల్సిన అవసరమే లేదు.

ఇంటికొచ్చాక అంకుల్‌కు ఫొటోలన్నీ చూపించాను. అతుకుతున్న బండ దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత, "రోడ్డు కోసిన చోట లోపలి పిండి రాయి తీశావా?" అన్నారు.

తీయలేదు. పైనున్న బండలే చూస్తూ తిరిగాను. వచ్చే ఏడు ఆగస్టు చివరికి టికెట్లు చూస్తున్నాం. ఈసారి జిస్పాలో నాలుగు రాత్రులు.