వసారా చివర బాత్రూమ్

హైదరాబాద్‌లో మేం దిగిన లాడ్జిలో రూము 900. ముగ్గురం కాబట్టి అదనపు పరుపుతో కలిపి రోజుకి 1,050. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి నాంపల్లి స్టేషన్ నుంచి సామాను మోసుకుంటూ నడిచినా పది నిమిషాలే. ఆ డబ్బుకి అగ్గిపెట్టెలాంటి గది ఇస్తారనుకున్నా. తీరా చూస్తే ఇనప దూలాల పైకప్పు, నిలువెత్తు కిటికీలు, కాలికి చల్లగా తగిలే షాబాద్ బండలు! నిజాం కాలపు ఇల్లట. మధ్యలో మన మండువాలాంటి ఖాళీ, చుట్టూ వసారా.

బాత్రూములు మాత్రం ఆ వసారా చివర. పదకొండు గదులకి మూడు. ఫోన్‌లోనే చెప్పారు, "కామన్ సార్, నీట్‌గా ఉంటాయి" అని. ఆ ముక్క మా ఆవిడ దగ్గర దాచడం నా తప్పే. బ్యాగు కూడా దించకుండా నిలబడిపోయింది. నా టెన్షనేమో అత్తగారి గురించి. డెబ్బై దాటాయి, రాత్రి రెండుసార్లు లేవాలి. ఆవిడ మాత్రం "మా చిన్నప్పుడు దొడ్లోకి లాంతరు పట్టుకుని వెళ్లేవాళ్లం, ఇక్కడ లైటుంది కదే" అంటూ తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరారు. అరగంటకి గానీ రాలేదు. క్యూలో ఉన్న కర్నూలు వాళ్లతో మాటలు పెళ్లి సంబంధాల దాకా వెళ్లాయట.

నీట్ అన్నది అబద్ధం కాదు, రోజుకి రెండుసార్లు కడుగుతున్నారు. కానీ సరిగ్గా పడే గొళ్లెం ఒక్కదానికే. మిగతా రెండిట్లో తలుపుకి బకెట్ అడ్డం పెట్టుకోవాలి. వేడినీళ్లు బకెట్ 30.

మేం దిగింది శుక్రవారం. సాలార్‌జంగ్‌కీ చౌమహల్లాకీ ఆ రోజే సెలవు. చార్మినార్ చూసి, మొజంజాహి మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం. మ్యూజియం శనివారం.

అసలు మంట ఆదివారం. ఇరవై నాలుగ్గంటల చెకవుట్, ఏడింటికి ఖాళీ చేయాలి. యాదగిరిగుట్ట వెళ్లాలని ఐదున్నరకే లేచాం. బాత్రూమ్ ముందు తొమ్మిదిమంది! కిందికి దిగేసరికి ఏడూ నలభై. సగం రోజు అద్దె, 525 కట్టమన్నాడు కౌంటర్‌లో మనిషి. నేను పర్సు తీయబోతుంటే అత్తగారు ఆపారు.

"మమ్మల్ని ఆలస్యం చేసింది మీ బాత్రూమే కదా నాయనా!"

200కి దిగాడు. ఏడు బకెట్లకి 210 మాత్రం పైసా తగ్గించలేదు. మొత్తం 2,510.

మళ్లీ వెళ్తే నేనా గదే అడుగుతాను. గొళ్లెం ఉన్నది ఎడమ చివరి బాత్రూమ్, ఐదు దాటకుండా వెళ్లండి. మా ఆవిడ మాత్రం అటాచ్డ్ బాత్రూమ్ అని కాగితం మీద రాసిస్తే గానీ ఇంకోసారి రైలెక్కనంటోంది.