ఉద్దానం తోటలకి పనికొచ్చే బేటరీ లైటు: కాశీబుగ్గ కొట్టులో నేను కొన్నది

మా వైపు, అంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, చెప్పుల్లేకుండా అయినా రాత్రి తోటలోకి వెళ్తారు గానీ, బేటరీ లైటు లేకుండా ఎవరూ వెళ్ళరు. జీడిపిక్కల కాలంలో, పనస పండే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగిపోతాయి. మందస, సోంపేట వాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. వజ్రపుకొత్తూరు మండలంలో 2022 జూన్‌లో ఎలుగు మనుషుల మీద పడ్డప్పటి నుంచీ మా ఇంట్లో ఆడవాళ్ళు నన్ను రాత్రిపూట మోటారు దగ్గరికి పంపడానికే ఒప్పుకోవడం లేదు. అందుకని ఈసారి లైటు ఆచితూచి కొన్నాను.

కాశీబుగ్గలో బస్టాండు దాటాక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టొకటి ఉంది. ఫ్యాన్లూ వైర్లూ వేలాడే మామూలు కొట్టే. వేరే షాపుల్లో "ఎంతలో కావాలి?" అని మొదలెడతారు. ఇక్కడి కుర్రాడు మాత్రం, "మావా, దూరం సూడ్డానికా, కాళ్ళకాడ సూసుకోడానికా?" అన్నాడు. లైటు కొనేవాడు ముందు తేల్చుకోవాల్సింది అదే.

పెట్టె మీద పెద్దక్షరాలతో వేసేది ల్యూమెన్లు. లైటులోంచి బయటికొచ్చే వెలుగు మొత్తం ఎంతో అది చెబుతుంది. ఆ వెలుగు ఒక వైపుకి ఎంత గట్టిగా పోతుందో చెప్పేది క్యాండెలా. మోటారు పైపులో నీళ్ళు అవే, మూతి దగ్గర వేలు అడ్డం పెడితే దూరం పోతాయి చూడండి, అలాగన్నమాట. 1,200 ల్యూమెన్ల లైటు కూడా దగ్గర్లోనే పరుచుకుని ఆగిపోవచ్చు, 500 ల్యూమెన్లది పక్క తోట గట్టు దాకా కొట్టొచ్చు. లెక్క సులువే. క్యాండెలాకి వర్గమూలం కట్టి రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. నాది 10,000 క్యాండెలా. వర్గమూలం వంద, రెండింతలు 200. పెట్టె మీదా 200 మీటర్లే అని ఉంది, అంటే అబద్ధం రాయలేదు.

అయితే ఆ 200 మీటర్ల దగ్గర వెలుగెంతో కూడా తెలుసుకోవాలి. 2009లో అమెరికాలో ఎఫ్ఎల్1 అని టార్చీలకి ఒక కొలత పద్ధతి పెట్టారు, మంచి కంపెనీలు చాలావరకు దాని ప్రకారమే రాస్తాయి. దాంట్లో దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకి కొలత) పడిపోయే చోటు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెలంత. అంత వెలుగులో నల్లటి జంతువేదో, నల్లటి మోడేదో పోల్చుకోవడం నా కళ్ళ వల్ల కాదు. 50 మీటర్ల దగ్గర అదే లైటు 4 లక్సులు ఇస్తుంది, అప్పుడు తెలుస్తుంది. కాబట్టి పెట్టె మీద ఎంత రాస్తే అందులో పావు వంతే మీది అనుకుని కొనండి.

మా తోడల్లుడు ఆన్‌లైన్‌లో '90,000 ల్యూమెన్ల' లైటొకటి తెప్పించాడు. లోపలి సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంది, అంటే సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క. అది 18650 సైజు సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు 3,500 దగ్గర ఆగుతుంది, కొత్తగా వస్తున్నవి ఇంకొంచెం పైన. 9,900 ఎక్కడా లేదు. కొట్టు కుర్రాడు దాన్ని చిన్న కాటా మీద పెట్టాడు, ముప్ఫై గ్రాములు కూడా తూగలేదు. తన దగ్గరున్న అసలు సెల్లు పెడితే నలభై ఏడు. "ఇందల సగం గాలే మావా" అన్నాడు. తోడల్లుడు అక్కడే ఉన్నాడు పాపం, వైర్లు చూస్తున్నట్టు పక్కకి తిరిగాడు.

సెల్లు తెలిస్తే ఎంతసేపు వెలుగుతుందో మనమే కట్టుకోవచ్చు. నా దాంట్లో 3,000 ఎంఏహెచ్, 3.6 వోల్టులు, అంటే 11 వాట్ అవర్ల లోపు. ఇప్పటి ఎల్ఈడీ టార్చి వాటుకి సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 1,200 మీద గంట కూడా రాదు. 120 మీద తొమ్మిది గంటలు, 20 మీద రెండు రోజులు. "1,200 ల్యూమెన్లు, 30 గంటలు" అని ఒకే వరసలో రాసి ఉంటే ఆ రెండూ వేరువేరు మోడ్‌లవి, అంటే వెలుగు మెట్లవి. ఇంకో తిరకాసు ఉంది. ఎఫ్ఎల్1 లెక్కలో వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా ఉన్న సమయమంతా 'రన్ టైమ్' కిందే వస్తుంది.

నా లైటులో నాలుగు మోడ్‌లు, ల్యూమెన్లలో: 20, 120, 400, 1,200. పెద్దది వేస్తే రెండు నిమిషాల్లో లైటు తల బాగా వేడెక్కిపోతుంది, దానంతటదే వెలుగు తగ్గించుకుంటుంది. అది రిపేరు కాదు, వేడి తట్టుకోడానికి చేసిన ఏర్పాటు. ఇంకో సంగతి, 400 నుంచి 1,200కి వెళ్తే వెలుగు మూడింతలు కనిపించదు. మన కంటికి రెండింతలు అనిపించాలంటే ల్యూమెన్లు ఇంచుమించు నాలుగింతలవ్వాలి. నేను నడిచేది 120 మీదే. చప్పుడైతేనే పెద్దది. తిత్లీ తుఫానప్పుడు, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కొబ్బరీ జీడీ పడిపోవడమే కాదు, కరెంటు కూడా రోజుల తరబడి లేదు. అప్పుడు ఈ 20 మోడ్ ఉంటే ఇల్లంతా వంట చేసుకు తినేవాళ్ళం.

నాకు బాగా నచ్చింది వెలుగు రంగు. వెలుగు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం. నీలం కొట్టే 6,500 కెల్విన్ లైటులో జీడాకులన్నీ ఒకటే బూడిద రంగులో కనిపిస్తాయి. ఇది 4,000 కెల్విన్, సీఆర్ఐ (రంగులు ఎంత సరిగ్గా చూపిస్తుందో వందకి వేసే మార్కు) 90. రంగులు ఉన్నవున్నట్టు తెలుస్తాయి. ఎండాకుల మీద రక్తపింజరి పడుకుంటే దాని ఒంటి మీది గొలుసు మచ్చలే మనకి ఆనవాలు, గోధుమ రంగులో గోధుమ రంగు. అక్కడ ల్యూమెన్లు పెంచి లాభం లేదు. ఇదే సైజులో నీలం లైటు వంద రూపాయలు తక్కువకి ఇస్తానన్నాడు, వద్దన్నాను.

వంకలూ ఉన్నాయి. స్విచ్ పక్కన పెట్టారు, లుంగీ మడతలో పెడితే దానంతటదే వెలిగిపోతుంది. వెనక మూత కొంచెం వదులు చేసి పెట్టుకోవాలి. స్విచ్ రెండుసార్లు గబగబా నొక్కితే టపటపా కొట్టుకునే స్ట్రోబ్ వస్తుంది, అదెవడికి కావాలో నాకైతే అర్థం కాలేదు. మనది ఇసక నేల కదా, మూత మరల్లో ఇసక చేరి కరకరమంటుంది. గుడ్డతో తుడిచి సిలికాన్ గ్రీజు రాస్తే సరి. ఛార్జింగ్ కన్నం మీది రబ్బరు బిళ్ళ అప్పుడే వదులైంది. ఐపీఎక్స్7 అని రాశారు, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా పర్లేదని. ఆ బిళ్ళ ఊడితే ఆ మాట చెల్లదు.

పిక్కలు ఏరడానికీ, మోటారు విప్పడానికీ అయితే ఇది కొనకండి, తలకి కట్టుకునే లైటే మేలు. కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం, ఇవే అంకెలతో మూడు నాలుగు కంపెనీలవి అదే కొట్టులో ఉన్నాయి. నాకు సెల్లుతో కలిపి 1,800 పడింది. ఆరు నెలల గ్యారంటీ కొట్టు ముద్ర మీదే, కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వడు. మధ్యాహ్నం వెళ్తే తలుపులేసి ఉంటాయి. చీకటి పడ్డాక వెళ్ళండి, రోడ్డు మీదికి తీసుకొచ్చి అవతలి గోడ మీదికి కొట్టి చూపిస్తాడు.