పోయిన వస్తువులను వెతికే ట్యాగులు: నెల్లూరు ఊళ్లో ఒక తీరు, కనిగిరి దారిలో ఒక తీరు

తాళాల గుత్తికో, చేతిసంచికో, బండి సీటు కిందో పెట్టుకునే చిన్న ట్యాగుల గురించి నెల్లూరు ట్రంకు రోడ్డులోని మొబైల్ దుకాణాల్లో అడిగితే, ‘జీపీఎస్ ట్యాగు సార్, ఎక్కడున్నా చూపిస్తుంది’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాటలో తప్పుంది. ఈ తరహా ట్యాగుల్లో జీపీఎస్ ఉండదు, సిమ్ కార్డూ ఉండదు. నెలనెలా కట్టాల్సిన రుసుము లేకపోవడానికి కారణం కూడా అదే. ట్యాగు చేసే పనల్లా బ్లూటూత్ ద్వారా ఒక రహస్య సంకేతాన్ని తెరిపి లేకుండా పంపుతూ ఉండటమే. పక్కనుంచి పోతున్నవారి ఫోను (ఆపిల్ తరహా ట్యాగుకైతే ఐఫోను, గూగుల్ తరహా ట్యాగుకైతే ఆండ్రాయిడ్ ఫోను) ఆ సంకేతాన్ని అందుకుని, తానున్న చోటును గుప్తలిపిలో ఆపిల్ సర్వర్‌కో గూగుల్ సర్వర్‌కో చేరవేస్తుంది. దాన్ని విప్పి చదివే వీలు ట్యాగు యజమానికి మాత్రమే ఉంటుంది. కాబట్టి పటంలో మనకు కనిపించే చుక్క, ఆ దారిన పోయిన మనిషి ఫోను ఉన్న చోటు. ఈ సంగతి తెలిస్తే ఏ ట్యాగు కొనాలో, దాని మీద ఎక్కడ ఆశ పెట్టుకోవచ్చో, ఎక్కడ పెట్టుకోకూడదో తేల్చుకోవడం కష్టం కాదు.

కొనేముందు చూడవలసింది మన చేతిలోని ఫోనును. 2021లో వచ్చిన ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ ఐఫోన్ ఉన్నవారికే పనికొస్తుంది. అప్పట్లో మన దేశంలో దాని ధర 3,190 రూపాయలు. 2023లో శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్2 వచ్చినప్పుడు దాని వెల 2,799 రూపాయలు. అది శాంసంగ్ గెలాక్సీ ఫోన్లతోనే కలుస్తుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్ల వారికి చాలాకాలం సరైన దారి లేకపోయింది. ట్యాగుల సంకేతాలను ఆండ్రాయిడ్ ఫోన్లు అందుకుని చేరవేసే తన నెట్‌వర్క్‌ను గూగుల్ 2024లో తెరిచిన తరువాత, దానితో పనిచేసే జియోట్యాగ్ గో అదే ఏడాది చివర 1,499 రూపాయలకు మన మార్కెట్లోకి వచ్చింది. గూగుల్ ఆ నెట్‌వర్క్‌ను ఇప్పుడు ఫైండ్ హబ్ అని పిలుస్తోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బస్సెక్కినా, సంతకు పోయినా పదిమంది చేతుల్లో కనిపించేవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే. అందువల్ల ఈ ప్రాంతంలోనే తిరిగే వస్తువుకు గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే ట్యాగే తగినదని నా అభిప్రాయం. మా ఇంట్లో తాళాల గుత్తికీ, ప్రయాణపు సంచికీ ఆ రకానివే తగిలించాను. మా బావగారు ఐఫోన్ వాడతారు కాబట్టి ఆయన ఎయిర్‌ట్యాగ్‌ను కూడా దగ్గరగా చూసే వీలు కలిగింది.

ఇంటి లోపలి వాడకానికి ఏ ట్యాగైనా చాలు. ఫోనులో మీట నొక్కితే ట్యాగు కూస్తుంది. పడకగదిలో, వంటింట్లో, మిద్దె మీద ఎక్కడ ఉన్నా ఆ కూత విని పట్టుకోవచ్చు. చిక్కు వచ్చేది ఇనుప బీరువాతోనే. తాళాలు చీరల మడతల మధ్య పడి బీరువా తలుపు మూసుకుపోతే, ఇనుప రేకు బ్లూటూత్ సంకేతాన్నీ శబ్దాన్నీ రెండింటినీ అడ్డుకుంటుంది. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఫోను ఒకసారి ‘దగ్గరలోనే ఉంది’ అనీ, మరుక్షణమే ‘కలవడం లేదు’ అనీ చూపిస్తూ ఉంటే, బీరువాకు ఆనుకుని బట్టలు మడతపెడుతున్న మా అమ్మ ‘లోపల ఏందో కూస్తా ఉందబ్బయ్యా’ అన్న తరువాత గాని తాళాలు దొరకలేదు. ఎయిర్‌ట్యాగ్‌కు ఈ విషయంలో ఒక అదనపు సౌకర్యం ఉంది. ఐఫోన్ 11, ఆ తరువాత వచ్చిన చాలా ఐఫోన్లలో ఉండే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ సాయంతో ఫోను తెరమీద బాణం గుర్తు కనిపించి, వస్తువు ఎటు ఉందో, ఎన్ని అడుగుల దూరంలో ఉందో చెబుతుంది. అది చూడముచ్చటైన పనితనం. అయితే దాన్ని తాళాలకు తగిలించడానికి రంధ్రం కూడా పెట్టకుండా, తొడుగు విడిగా కొనుక్కోమనడం అంత ధర తీసుకునే వస్తువుకు తగదు.

నెల్లూరు పట్టణంలో ఈ ట్యాగులు మెప్పిస్తాయి. ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషను, ట్రంకు రోడ్డు వంటి చోట్ల జనం ఎడతెగకుండా తిరుగుతూ ఉంటారు కాబట్టి, బండిలో పెట్టిన ట్యాగు స్టాండులో ఉన్నంతసేపూ దాని జాడ తాజాగానే కనిపిస్తుంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. అంతటి రద్దీలో సంచి చేజారితే వెతుక్కోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు గాని, ట్యాగుకు మాత్రం అంతకంటే అనువైన చోటు ఉండదు. చుట్టూ ఉన్న జేబుల్లో దాని నెట్‌వర్క్‌కు చెందిన ప్రతి ఫోనూ దానికి సాక్షే. అలాగని పిల్లల జేబులో ట్యాగు వేసి నిశ్చింతగా ఉండటం నాకు సమ్మతం కాదు. ఇవి వస్తువుల కోసం చేసినవి. జాడ కొన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తే సంచికి నష్టం లేదు, బిడ్డ విషయంలో ఆ కొన్ని నిమిషాలే ముఖ్యం.

పామూరు నుంచి కనిగిరి పోయే దారిలో కథ వేరు. పల్లెవెలుగు బస్సులో మనతోపాటు ఉన్న సంచి జాడ మన ఫోనే చెబుతుంది కాబట్టి అందులో ఇబ్బంది లేదు. సంచిని బస్సులోనే మరిచి దిగిపోయినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. బస్సులో మిగిలిన నలుగురైదుగురిలో ఎవరి ఫోనులో బ్లూటూత్ తెరిచి ఉంది, ఎవరికి ఆ మెట్ట దారిలో ఇంటర్నెట్ అందుతోంది అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. మా దగ్గరి బంధువు ఒకాయన సంచి అలా బస్సుతోపాటే వెళ్లిపోయినప్పుడు, ఆయన దిగిన చోటే చుక్క చాలాసేపు కదలకుండా నిలిచిపోయింది. బస్సు కనిగిరి బస్టాండులోకి చేరి, జనం మధ్య నిలబడిన తరువాత గాని అది కదలలేదు. కదిలాక మాత్రం సరిగ్గానే చూపించింది. బస్టాండుకు ఫోను చేసి చెబితే కండక్టరు సంచిని తీసి భద్రపరిచారు.

దీనికి దారిలో జనం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గూగుల్ తన నెట్‌వర్క్‌లో గోప్యత కోసం ఒక నియమం పెట్టింది. ఫోను కొన్నప్పుడు ఉండే అమరిక ప్రకారం, ఒక ట్యాగును ఒకే ఒక ఫోను చూస్తే ఆ జాడ యజమానికి చేరదు. అనేక ఫోన్లు చూసినప్పుడే వాటన్నిటినీ కలిపి చెబుతుంది. ఒంటరిగా ఉన్నవారి ఇంటి చిరునామా బయటపడకుండా ఉండాలన్నది దీని ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. రద్దీ ఉన్న నగరంలో ఈ నియమం వల్ల తేడా ఏమీ తెలియదు. మన మెట్ట మండలాల్లో, రోడ్డు మీద అరగంటకొక బండి పోయే చోట, ఇదే నియమం ట్యాగును మూగదాన్ని చేస్తుంది. అయితే దీన్ని మార్చుకునే వీలుంది. ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగానికి వెళ్లి, ఫైండ్ హబ్‌లో ఆఫ్‌లైన్ పరికరాలను వెతికే అమరిక తెరిస్తే, రద్దీ ప్రాంతాల్లో మాత్రమే అన్న ఎంపికకు తోడుగా అన్ని ప్రాంతాల్లో అన్న ఎంపిక కూడా కనిపిస్తుంది. రెండోదాన్ని ఎంచుకున్న ఫోను, తాను ఒక్కటే చూసిన ట్యాగు జాడను కూడా చేరవేస్తుంది. మన ఫోనులో ఇది మార్చుకుంటే ఎక్కువ మేలు కలిగేది పక్కవాడి వస్తువుకు, పక్కవాడు మార్చుకుంటే మన వస్తువుకు. ఒక ఊళ్లో ట్యాగులు కొన్నవారు, కొననివారు అనే భేదం లేకుండా ఆండ్రాయిడ్ ఫోను ఉన్న ప్రతి ఒక్కరూ ఈ అమరిక మార్చుకుంటే, ఆ ఊరి ట్యాగులన్నిటికీ ప్రాణం వస్తుంది. ట్యాగు అమ్మే దుకాణదారులు ఈ ఒక్క మాట కొనుగోలుదారుకు చెప్పి, అక్కడికక్కడే మార్చి ఇస్తే ఎంతో బాగుంటుంది.

రొయ్యల గుంటల దగ్గర మోటార్లకు, ఏరేటర్లకు ఇవి పనికొస్తాయా అని అడిగేవారున్నారు. పనికిరావు. రాత్రివేళ గుంట గట్టు మీద కాపలా మనిషి ఫోను తప్ప మరో ఫోను ఉండదు. మోటారును ఆటోలో వేసుకుని పోయినవాడు ఊరు దాటేదాకా జాడ తెలియకపోవచ్చు. మేతకు పోయే గేదెల మెడలో కట్టడమూ అంతే. అటువంటి అవసరాలకు సిమ్ కార్డుతో పనిచేసే అసలైన జీపీఎస్ పరికరమే కొనాలి, దానికి తగిన ఖర్చుకు సిద్ధపడాలి.

దొంగతనం విషయంలో మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఎవరి వెంటనైనా వారికి తెలియకుండా పరాయి ట్యాగు ప్రయాణిస్తూ ఉంటే, ఐఫోన్లూ, ఆండ్రాయిడ్ 6.0 నుంచి వచ్చిన ఫోన్లూ వారిని హెచ్చరిస్తాయి. ఆపిల్, గూగుల్ కలిసి 2024లో తెచ్చిన ఏర్పాటు ఇది. ఆడపిల్లల సంచుల్లో, బండ్లలో దొంగచాటుగా ట్యాగులు పెట్టేవారి బారినుంచి ఇది కాపాడుతుంది కాబట్టి ఉండి తీరవలసిన ఏర్పాటే. అదే హెచ్చరిక మన బండి ఎత్తుకుపోయినవాడికి కూడా అందుతుంది. కనుక ట్యాగును మరిచిపోయిన వస్తువులకు తోడుగా భావించాలి గాని, తాళానికి బదులుగా భావించకూడదు. పోయిన బండి జాడ ఎక్కడో కనిపిస్తే మనమే ఆ సందులోకి పరుగెత్తకుండా, తెర ఫొటో తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్లడమే క్షేమం.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకు దొరికే ట్యాగుల్లో చాలా వాటికి ఏ నెట్‌వర్క్‌తోనూ సంబంధం ఉండదు. అవి తమ సొంత యాప్‌తో, ఫోను దగ్గరలో ఉన్నంతవరకే పలుకుతాయి. ఇంట్లో తాళాలకైతే సరే గాని, బస్సులో సంచికి అవి దండగ. డబ్బా మీద ఆపిల్ నెట్‌వర్క్ అయిన ఫైండ్ మైతో గాని, గూగుల్ ఫైండ్ హబ్‌తో గాని పనిచేస్తుందని రాసి ఉందో లేదో చదివి తీసుకోవాలి.

చెన్నై విమానాశ్రయం నుంచి అమెరికా వెళ్లే పిల్లల పెట్టెల కోసమైతే నా సిఫారసు మారుతుంది. పిల్లల దగ్గర ఐఫోన్ ఉంటే ఎయిర్‌ట్యాగే వేసి పంపండి. అక్కడి విమానాశ్రయాల్లో ఐఫోన్లకు కొదవ లేదు; పైగా ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.2 నుంచి, పోయిన పెట్టె జాడను ఒక లింకు ద్వారా, ఈ సౌకర్యాన్ని అంగీకరించిన విమాన సంస్థలకు పంపే వీలు కూడా వచ్చింది.

బ్యాటరీ గురించి భయపడనక్కర లేదు. ఎక్కువ ట్యాగుల్లో ఉండేది వాచీల దుకాణంలో దొరికే సీఆర్2032 బిళ్ల బ్యాటరీయే, ఇంచుమించు ఏడాది వస్తుంది. చిన్నపిల్లలు మింగకుండా చేదు పూత పూసిన రకాలు కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయకపోవచ్చని ఆపిల్ సంస్థే చెబుతోంది కాబట్టి దానికి పూత లేనివి అడగాలి. పాతవీ కొత్తవీ పిల్లలకు అందకుండా పెట్టాలి. ట్యాగు ఉన్న బండిని అమ్మేటప్పుడు దాన్ని తీసివేయాలి, లేదా మన ఖాతా నుంచి తొలగించి ఇవ్వాలి. అలా తొలగించకపోతే కొనుక్కున్నవారు ఆ ట్యాగును తమ ఫోనుకు కలుపుకోలేరు.