పాత మిల్లింగ్ మెషిన్ మీద గెకోడ్రైవ్ జీ203వీ: ఆరు తీగల పెద్ద మోటార్లతో నా అనుభవం

మా పాత మిల్లింగ్ మెషిన్ కంట్రోల్ పూర్తిగా పోయింది. బాల్ స్క్రూలు (టేబుల్‌ని జరిపే మరలు), స్లైడ్‌లు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి. స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేవి) ఒక్కోటి రెండు చేతులా పట్టి ఎత్తాల్సినంత బరువు. అవి తీసేసి సర్వో మోటార్లు వేసుకోమని అందరూ చెప్పారు. నాకు మనసొప్పలేదు. స్టెప్పర్ మోటార్‌కి కరెంటు అందించి తిప్పే జీ203వీ డ్రైవ్‌లు మూడు తెచ్చి ఆ మోటార్లనే నడిపించాను. ఏడాదిగా రోజూ కోత కోస్తున్నాయి.

ఈ డ్రైవ్ హద్దు 80 వోల్టుల డీసీ, 7 ఆంపియర్లు. మోటార్ అందులో ఇముడుతుందో లేదో ముందు తేలాలి. నా మోటార్ల ముఖం కొలిస్తే 110 మిల్లీమీటర్లు, అంటే మోటార్ సైజుల ప్రమాణంలో నెమా 42. ఆ నంబర్ సైజు చెబుతుంది గానీ కరెంటు చెప్పదు. మూడింటిలో ఒక్కదానికే వివరాల ప్లేటు చదవడానికి వీలుగా మిగిలింది: 3 వోల్టులు, 6 ఆంపియర్లు. ఆ 3 వోల్టులు చూసి చిన్న సప్లై చాలనుకోకండి. అది కాయిల్ రెసిస్టెన్స్‌ని కరెంటుతో గుణిస్తే వచ్చే అంకె, అంతే.

తీగల రంగులు నమ్మకుండా మీటర్ పెట్టాను. ఆరు తీగలు మూడేసి చొప్పున రెండు గుంపులయ్యాయి. ప్రతి గుంపులో రెండు తీగల మధ్య 1 ఓమ్, మిగిలిన తీగ నుంచి అటూ ఇటూ అర ఓమ్. ఆ మిగిలినదే సెంటర్ ట్యాప్, అంటే కాయిల్ మధ్య నుంచి తీసిన తీగ. ఇంత చిన్న కొలతల్లో మీటర్ ప్రోబ్‌ల రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది, కాబట్టి ముందు రెండు ప్రోబ్‌లూ తాకించి ఎంత చూపిస్తుందో చూసి అది తీసేయాలి. ప్లేటు లేని రెండు మోటార్లూ అదే రెసిస్టెన్స్, అదే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) చూపించాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు. మోటార్‌ని మాత్రం విప్పొద్దు. పాత మోటార్లలో ఆల్నికో అయస్కాంతం ఉంటుంది, రోటర్ బయటకు లాగితే దాని బలం తగ్గిపోతుంది.

మొదట సెంటర్ ట్యాప్ వదిలేసి రెండు చివర్లు వాడి, కాయిల్ రెండు సగాలూ వరసగా వచ్చేలా సిరీస్‌లో కలిపాను. అప్పుడు కరెంటు 6 కాదు, దాన్ని 0.7తో గుణించాలి, అంటే దాదాపు 4.2. నెమ్మదిగా తిరిగేటప్పుడు బలం అద్భుతం. రాపిడ్ (కోత లేకుండా వేగంగా జరపడం) పెడితే మాత్రం ఆగిపోయింది. కారణం ఇండక్టెన్స్. సగం కాయిల్‌కి 2 మిల్లీహెన్రీలు ఉంటే సిరీస్‌లో రెట్టింపు కాదు, నాలుగింతలు, 8. మిల్లీహెన్రీల్లో ఇండక్టెన్స్ వర్గమూలాన్ని 32తో గుణిస్తే సప్లై వోల్టేజీ వస్తుందని ఒక లెక్క ఉంది. సిరీస్‌కి అది 90 వోల్టులు, ఈ డ్రైవ్ తట్టుకోదు. సగం కాయిల్‌కి 45 చాలు. 34 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ని రెక్టిఫై చేస్తే (డీసీగా మారిస్తే) నాకు 47 దాకా వచ్చింది. టేబుల్‌ని జరిపే ఎక్స్, వై మోటార్లను చివర, సెంటర్ ట్యాప్ మధ్య కలిపి 6 ఆంపియర్లిచ్చాను. టేబుల్ హాయిగా పరిగెత్తింది. పైకీ కిందికీ జరిపే జెడ్‌కి వేగంతో పనిలేదు, బరువు మోయాలి, అందుకే దాన్ని సిరీస్‌లోనే ఉంచాను.

కరెంటు సెట్ చేయడానికి ఒక రెసిస్టర్ పెట్టాలి: కరెంటును 47తో గుణించి, 7 లోంచి కరెంటు తీసేయగా మిగిలినదానితో భాగిస్తే కిలోఓముల్లో వస్తుంది. 6 ఆంపియర్లకు 282. స్విచ్‌లు ఉంటే సులువుగా ఉండేది, కానీ ఒక్కసారి చేసే పనే.

నాకు బాగా నచ్చింది మధ్య వేగంలో దీని ప్రవర్తన. సెకనుకు 5 నుంచి 15 చుట్ల మధ్య పెద్ద స్టెప్పర్లు గుర్రుమని ఊగి ఆగిపోతుంటాయి. దీనిలో దానికి సర్దుబాటు ఉంది, ఆ రేంజ్ దాటుతున్నట్టే తెలియడం లేదు.

మైక్రోస్టెప్ (ఒక అడుగును చిన్న ముక్కలు చేయడం) 10 దగ్గరే స్థిరం, చుట్టుకు 2000 పల్సులు. 5 మిల్లీమీటర్ల స్క్రూ మీద ఒక్కో పల్సుకు 2.5 మైక్రాన్లు. మీ పాత కంట్రోలర్ చుట్టుకు 200 పల్సులే పంపేదైతే దాన్ని మార్చాల్సిందే. వేడి లాగేయడానికి డ్రైవ్ కింద మందపాటి అల్యూమినియం ప్లేటు తప్పనిసరి. కరెంటు ఉండగా మోటార్ తీగ ఊడదీయొద్దు. వేరే కంపెనీ డ్రైవ్ ఒకటి అలాగే పోగొట్టుకున్నాను.

6 ఆంపియర్ల మోటార్లున్నవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. 8, 9 ఉంటే సిరీస్‌లో మాత్రమే కుదురుతుంది, అంటే వేగం వదులుకోవాలి. ప్లేటు మీద 10 ఉంటే సిరీస్‌లో కూడా 7 హద్దుకు చేరిపోతుంది. అప్పుడు ఇంతకన్నా పెద్ద డ్రైవ్ చూసుకోండి.