ఏడేళ్లుగా మా మేకల దొడ్డిలో కంగాల్

టెక్సస్ హిల్ కంట్రీలో మాకు అరవై మేకలున్నాయి. ఒక చలికాలంలో నెల తిరక్కుండా పదకొండు పిల్లల్ని కోయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) ఎత్తుకుపోయాయి. అప్పుడే మందకు కాపలా కాసే కంగాల్ జాతి కుక్కపిల్లను, తొమ్మిది వారాలదాన్ని, తెచ్చుకున్నాం. సింగన్న అని పేరు పెట్టాం. వాడికిప్పుడు ఏడేళ్లు. ఈ జాతి కుక్కను తెచ్చుకోవాలా వద్దా అని ఊరి నుంచి ఫోన్లు చేసి అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

కంగాల్ అన్నది తుర్కియే (టర్కీ)లోని సివాస్ ప్రాంతంలో ఒక ఊరు, ఈ జాతికి పేరు దాని నుంచే వచ్చింది. చలికాలమంతా మంచు, వేసవిలో మాడే ఎండ, చుట్టూ తోడేళ్లు. అక్కడి కాపరులు తోడేలు గొంతు పట్టకుండా కుక్క మెడకు ఇనుప ముళ్ల పట్టీ కట్టి మందతో పంపుతారు. మందను తోలడం దీని పని కాదు. మందలో ఒకటిగా బతుకుతూ కాపలా కాస్తుంది. సింగన్న 58 కిలోలుంటాడు. ఎండిన జొన్నచొప్ప రంగు ఒళ్లు, మసి పూసినట్టుండే మూతి.

మొదటి రెండేళ్లు మాకు చుక్కలు కనిపించాయి. "పుట్టుకతోనే వచ్చే విద్య, ఏమీ నేర్పక్కర్లేదు" అని అమ్మినాయన చెబితే నమ్మాం. పది నెలల వయసులో ఆటలో ఒక మేకపిల్లను తరిమి తరిమి చంపేశాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తప్పు వాడిది కాదు, వాడిని పిల్లల దగ్గర ఒంటరిగా వదిలిన నాది. తర్వాత ఒక కొమ్ముల ముసలి మేకతో వేరే దొడ్డిలో ఉంచాం. మీద పడ్డప్పుడల్లా అది డొక్కలో పొడిచేది. వాడి దుడుకు తగ్గించింది ఆ మేకే. రెండేళ్లు దాటాకే వాడిని నమ్మి నిద్రపోగలిగాం.

నిరుడు జనవరిలో, గడ్డకట్టే చలిలో, ఒక మేక అర్ధరాత్రి ఈనింది. టార్చి పట్టుకుని వెళ్లేసరికి తల్లి మొదటి పిల్లను నాకుతోంది. రెండోది కాస్త దూరంగా తడిసి వణుకుతోంది. సింగన్న దాని పక్కన పడుకుని వీపు నుంచి చెవుల దాకా నాకి ఆరబెడుతున్నాడు. తల్లి ఇటు తిరగ్గానే లేచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. మాయ పడ్డాక తినేసి ఆ చోటు శుభ్రం చేశాడు. వాసన పట్టి కోయోటీలు రాకుండా ఉండేది అందువల్లే.

వాడు వచ్చాక కోయోటీలకు పోయినవి రెండే పిల్లలు. అలాగని రోజూ పోట్లాడతాడనుకోకండి. ముందు గొంతు మారుతుంది, తోక వీపు మీదికి చుట్టుకుంటుంది, మందకూ వచ్చినదానికీ మధ్య నిలబడతాడు. చాలాసార్లు అంతటితో సరి. నమీబియాలో చీతా కన్జర్వేషన్ ఫండ్ అనే సంస్థ 1994 నుంచి రైతులకు కంగాల్, అనటోలియన్ షెపర్డ్ కుక్కల్ని ఇస్తోంది కూడా ఇందుకే. మంద క్షేమంగా ఉంటే రైతు చీతాను కాల్చడు.

కష్టాలూ ఉన్నాయి. రాత్రంతా మొరుగుతాడు. ఇళ్లు దగ్గరగా ఉంటే మాత్రం వద్దు. ఐదడుగుల కంచె తప్పనిసరి. గాలివానకు ఓక్ చెట్టు కూలి మా కంచె విరిగినప్పుడు రెండు మైళ్ల అవతల దొరికాడు. వసంతంలో బస్తాల కొద్దీ వెంట్రుకలు రాలతాయి. ఎండాకాలం చెట్టు కింద గొయ్యి తవ్వుకుని పడుకుంటాడు. వేడి అని బొచ్చు గొరిగించకండి, ఎండ నుంచి కాపాడేదీ అదే. తిండి మాత్రం ఆ ఒంటిని చూసి అనుకునేంత తినడు, తక్కువే.

పిలిస్తే రాడు. అనంతపురం నుంచి వచ్చిన మా నాన్న, చిన్నప్పటి నుంచీ గొర్రెలు కాసిన మనిషి, మొదటిరోజు "ఏందిరా వీడు, పలకడే" అన్నాడు. వారం తర్వాత తెల్లవారుజామున దొడ్డి గట్టు మీద కూర్చుని చూసొచ్చి, "వాడిని పిలవొద్దురా, పనిలో ఉంటాడు" అన్నాడు.

హైదరాబాద్ ఫ్లాట్‌లో, విల్లాలో పెంచుతామనేవాళ్లకు నా జవాబు: దయచేసి వద్దు. తిరగడానికి నేల, కాయడానికి మంద లేకపోతే దీని బతుకు నరకం. అమెరికాలో మందలున్నవాళ్లు మాత్రం కుక్కపిల్ల తల్లిదండ్రులు మేకల్లోనో గొర్రెల్లోనో పని చేస్తుండగా కళ్లారా చూశాకే పిల్లను తీసుకోండి. కోయోటీలు గుంపుగా వస్తే ఒక్క కుక్క చాలదని మేమూ మార్చిలో ఇంకో పిల్లను తెస్తున్నాం. ముసలి మేక పోయి రెండేళ్లయింది, ఈసారి పిల్లకు పని నేర్పాల్సింది సింగన్నే.