పీఎం స్వనిధి అప్పు: విజయనగరం కూరల బండి నుంచి నా మాట

గంటస్తంభం దగ్గర కూరల బండి నాది. కరోనా దెబ్బ తిన్న వీధి వ్యాపారులకి అప్పివ్వడానికి కేంద్రం 2020 జూన్‌లో మొదలెట్టిన పీఎం స్వనిధి కింద 10,000 రూపాయలు తీసుకుని, ఏడాదిలో వాయిదాలన్నీ కట్టేశాను. తీసుకోవచ్చా అని తోటి బండివాళ్లు అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

అప్పు మంచిదే. హామీ అడగలేదు. అంతకుముందు మదుపు కోసం డైలీ ఫైనాన్స్ దగ్గరికెళ్తే 10,000 అని రాసుకుని 9,000 చేతిలో పెట్టేవారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వాన పడి బండి తియ్యకపోయినా సాయంత్రానికి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. స్వనిధిలో వాయిదా తప్పకపోతే 7 శాతం వడ్డీ రాయితీ మన ఖాతాలోనే పడుతుంది.

ఇబ్బందల్లా బ్యాంకులోనే. ఒక బ్రాంచిలో మూడుసార్లు తిప్పారు. ఆధార్‌కి ఫోన్ నంబర్ లింక్ కాలేదని ఒకసారి, సర్వర్ లేదని ఒకసారి, సారు లేరని ఇంకోసారి. వెళ్లిన ప్రతిసారీ ఒక పూట బేరం పోయింది. డబ్బు చేతికొచ్చేసరికి సెప్టెంబరు.

నా బాధంతా ఆ ఆలస్యం గురించే. కరోనా వచ్చిన ఆ ఏడాది ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ ప్రభుత్వం నుంచి ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో 500 చొప్పున పడ్డాయి. రేషన్ డిపోలో మనిషికి 5 కిలోల బియ్యం ఉచితం. ఒకామె ఐదొందల నోటు కొంగున ముడేసుకుని తిన్నగా నా బండి దగ్గరికొచ్చింది. "బియ్యం ఉన్నాయప్పా, కూరే లేదు" అంది. అరకిలో వంకాయలు, పావుకిలో టమాటాలు తీసుకుంది. బెండకాయలు అడిగితే నా దగ్గర లేవు. తెచ్చుకోడానికి డబ్బుల్లేక సగం బండే నింపుకునే రోజులవి. కొనేవాళ్లున్నప్పుడు మదుపు లేదు, మదుపొచ్చేసరికి ఐదొందలు ఆగిపోయాయి. నవంబరు దాకా ఉచిత బియ్యం ఉండబట్టి, బియ్యానికి మిగిలిన డబ్బుతో జనం కూరలు కొన్నారు గానీ, లేకపోతే అప్పుతో తెచ్చిన సరుకంతా బండి మీదే కుళ్లిపోయేది.

మా వీధిలో రిటైరైన మాస్టారొకరున్నారు. ఆర్థిక ఉద్దీపన, అంటే ఆగిపోయిన వ్యాపారాలు మళ్లీ కదలడానికి ప్రభుత్వం చేసేది, పనులకీ పరిశ్రమలకీ సంబంధించిందనీ, బియ్యమూ ఐదొందలూ సంక్షేమం కాబట్టి వాటిని ఉద్దీపనలో కలపకూడదనీ అంటారు. ఆయనంటే నాకు గౌరవం. ఈ మాట మాత్రం ఒప్పుకోను. నాకు అప్పిచ్చి, కొనేవాళ్ల చేతిలో ఏమీ పెట్టకపోతే నా వాయిదా ఎలా తీరుతుంది మాస్టారూ? సంబంధం లేనివి వేరే ఉన్నాయి. ఆ మే నెలలో ఉద్దీపన పేరుతో కేంద్రం చెప్పిన 20 లక్షల కోట్ల ప్యాకేజీలోనే బొగ్గు గనులు ప్రైవేటువాళ్లకి తెరవడం, అంతరిక్ష రంగం కూడా చేర్చారు. అవి మంచివైనా చెడ్డవైనా తీరిగ్గా మాట్లాడుకోవలసినవి. ఆ నెల మా బజారులో వాటివల్ల ఒక్క రూపాయి కదల్లేదు.

ఇప్పుడు మొదటి విడత అప్పు 15,000 చేశారు. తీసుకోండి. ముందు ఆధార్‌కి నంబర్ లింక్ చేయించుకోండి, మునిసిపాలిటీ వాళ్లిచ్చే వెండర్ కార్డు పట్టుకెళ్లండి, వాయిదా తేదీకి ఒకరోజు ముందే డబ్బు ఖాతాలో ఉంచండి. నేనైతే నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి తగ్గించింది సెప్టెంబరు దాకా తిప్పినందుకు.